రెండున్నర మిల్లీమీటర్ల రింగు

తొమ్మిదేళ్ల పాటు ఆ బల్బు వేసిందీ, ఆర్పిందీ నేనే.

పుదుచ్చేరి ఒర్లియంపేటలో మా ఇంటి ముందుగదే మా మామగారు గోవిందరాజన్ గారి స్టూడియో. గోడలో ఒక చెక్క బీరువా, అందులో ఒక పాత ఫ్రెంచి కెమెరా, దాని పక్కన పదిహేను వాట్ల బల్బు. సముద్రం దగ్గర్లోనే ఉంది కాబట్టి మా ఊరి గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. చెమ్మ పట్టిందంటే లెన్స్ లోపల బూజు పుడుతుంది. బల్బు వేడికి అది రాదు. నేను కాపురానికి వచ్చిన వారానికే మా అత్తగారు బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి, "సందేళ దీపం పెట్టినాక ఇదీ వెయ్యాల హేమా" అన్నారు. ఆవిడ పోయాక కూడా నేను మానలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి చెప్పులు విడిచాక నా మొదటి పని అదే.

అన్నేళ్లలో ఆ కెమెరాలోంచి నేను ఒక్కసారి కూడా చూడలేదు. మామగారు చూడమనలేదు, నేను చూస్తానని అడగలేదు. అడక్కుండానే ఒకరోజు పిలిచి చేతిలో పెడతారని కాచుకుని కూర్చున్నాను. అది నా గీర.

ఆ కెమెరాకు ఏడాదికి ఒక్కటే పని. మాసి మగం నాడు చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లందరూ వైత్తికుప్పం సముద్రపొడ్డుకు స్నానానికి వస్తారు. మామగారు ప్రతి ఏడూ ఒకే చోట నిలబడి, మా సామి గొడుగు అలల అంచుకు చేరిన క్షణంలో ఒకే ఒక్క ఫొటో తీసేవారు. రెండోది తీయమని ఎవరైనా అంటే, "సామికి నేను పెట్టే దణ్ణం అదే, ఒకతూరి పెట్టినాను గదా" అనేవారు. ఆ ఫొటోకు ఫ్రేము కట్టించి స్టూడియో గోడకు వరసలో తగిలించేవారు. అప్పటికి నలభై రెండు ఉన్నాయి. పాస్‌పోర్టు ఫొటోలన్నీ డిజిటల్‌కు మారిపోయినా ఆ వరస మాత్రం ఫిల్ముమీదే సాగుతూ వచ్చింది.

సునామీ వచ్చిన మరుసటి ఏడు వానలు మొదలయ్యే ముందర, మా మరిది కార్తికేయన్‌కి పెళ్లయింది. కవిప్రియ మా ఇంటికి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల, గలగలమని మాట, ఏది కనబడినా ఏంది ఏంది అని అడిగే నోరు. వచ్చిన మూడో రోజే బీరువా ముందర నిలబడి, "మామా, నేనొకతూరి చూడొచ్చునా?" అంది.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న నేను చెయ్యి ఆపాను. ఇప్పుడు తిడతారు, చూద్దాం అనుకున్నాను.

"చూడమ్మా, దానికేంది" అన్నారు మామగారు. తానే తీసి ఆ పిల్ల మెడలో తగిలించారు.

అంత సులువా!  ఉల్లిపాయలున్నాయి కాబట్టి కళ్లనీళ్లకు ఎవరికీ జవాబు చెప్పుకోవాల్సిన పని లేకపోయింది.

పదిరోజులు కాకముందే తాళంచెవి కూడా నా చేతినుంచి పోయింది. "కవికి ఇచ్చెయ్యమ్మా హేమా. నీకు డ్యూటీ ఉండాది, అది ఇంట్లోనే ఉంటాది గదా" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. నేను తాళంచెవిని బొడ్లోంచి తీసి ఇచ్చాను. బల్బు సంగతి మాత్రం చెప్పలేదు. తాళం ఎవరిదో బల్బూ వాళ్లదే, తెలుసుకోనీ అనుకున్నాను. ఆ ఏడు వానలు ఎలా పడ్డాయో పుదుచ్చేరిలో ఎవర్నడిగినా చెబుతారు. ఇరవై రోజులు ఉతికిన బట్ట ఆరలేదు. వానలు తగ్గాక మామగారు లెన్స్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే, లోపల సాలెగూడు అల్లినట్టు తెల్లటి బూజు.

"బల్బు వెయ్యలేదా కవీ?"

"వెయ్యాలని నాకు ఎవురూ చెప్పలేదే మామా!"

మామగారు నావైపు చూశారు. "తాళంచెవి నా దగ్గర లేదు గదా మామా" అన్నాను. ఆ పుల్లవిరుపు మాట అన్నందుకు ఆ పూటంతా నాకు హాయిగానే ఉందని ఇప్పుడు దాచడం ఎందుకు!

లెన్స్ పోయిందని మామగారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఫ్రాన్సు పటాలంలో పనిచేసి వచ్చిన స్నేహితుడొకాయన ఎప్పుడో ఇచ్చిపోయిన జర్మనీ లెన్స్ ఒకటి ట్రంకుపెట్టెలో ఉంది. కెమెరా ఫ్రెంచిది, లెన్స్ జర్మనీది. దీని మర దానికి పట్టదు. మధ్యలో ఒక రింగు చేయించాలి. పొంగల్ దాటిన వారానికి మామగారు కాగితంమీద బొమ్మ గీసి నా ముందర పెట్టారు.

"మందం రెండున్నర మిల్లీమీటర్లు. మూడూ కాదు, రెండూ కాదు. లావెక్కితే దగ్గరుండేది తెలుస్తాది, దూరముండేది తెలవదు. మన సామి యాడుంటాడు? దూరం ఉంటాడు. కొలత విషయంలో ఈ ఊళ్లో నీకంటె గట్టోళ్లు ఎవురమ్మా?"

తట్టాంచావడిలో మోటారు భాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలో నాది తనిఖీ పని. మైక్రోమీటర్‌తో ముక్కముక్కా కొలిచి, బాగుంటే పచ్చరంగు చుక్క, లేకుంటే ఎర్రరంగు చుక్క పెట్టాలి. వెంట్రుకలో సగం తేడా ఉన్నా ఎర్రచుక్కే. నా చేతిమీదుగా తప్పు ముక్క ఒక్కటీ పోలేదని అక్కడ నాకు పేరు. ఆ పేరు మామగారికి కూడా తెలుసునని ఆ రోజే తెలిసింది. ఆ బొమ్మ కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. ఈసారి ఫొటో తీయడానికి నన్నే పిలుస్తారని ఒక రోజంతా గాల్లో తేలాను.

మరుసటి పొద్దున ఇడ్లీలు పెడుతుంటే మామగారే అన్నారు. "నా కండ్లలో పొర ముదిరిపోయింది. ఈ తూరి కవి తీస్తాది. ఇంక నా కన్ను అదే."

కవిప్రియ సిగ్గుపడుతూ నవ్వింది. మా ఆయన ముకుందన్, "భలే" అన్నాడు. మా మరిది పెళ్లాం వీపు తట్టాడు. నేను మామగారి ప్లేట్లో చట్నీ వేసి, నా టిఫిను డబ్బా మూసుకుని బస్సెక్కాను.

పొద్దున నేనిచ్చిన బొమ్మ చూసి చేసిన రింగును ఆ రోజు మధ్యాహ్నం లేతు మిషను దగ్గరినుంచి మునియన్ పట్టుకొచ్చాడు. ఆయన మా ఫ్యాక్టరీలో పాత టర్నరు, మా తెలుగే మాట్లాడతాడు. లోపల ఒక మర, బయట ఒక మర, ఇత్తడి తళతళమంటోంది.

"ఇంకొంచెం కోత పెట్టాలేమోనమ్మా. నువ్వు కొలిచి చెప్పు, అంతలోగా లేతు ఆపను" అన్నాడు.

కొలిచాను. రెండు పాయింట్ తొమ్మిది. మళ్లీ కొలిచాను. అంతే.

నోరు తెరిచి ఆ అంకె చెబితే అయిదు నిమిషాల పని. ఇంక నా కన్ను అదే, అన్న మాట చెవిలో తిరుగుతోంది. తొమ్మిదేళ్లు బల్బు వేసినదాన్ని నేను, మూడు నెలల్లో కన్నయింది అది. ఆ కన్ను ఏమాత్రం చూస్తుందో చూద్దాం అనిపించింది. అదేదో కోపంలో ఒళ్లు తెలియక చేశానని చెప్పుకోవచ్చు. కానీ ఒళ్లు తెలిసే చేశాను.

"సరిపోయింది" అన్నాను. పచ్చచుక్క పెట్టాను.

"సామి ఫొటోకి అంటివి..." అని మునియన్ నసిగాడు. నేను ఇంకో ముక్క అందుకుని కొలవడం మొదలుపెట్టాను. ఆయన పోయి లేతు ఆపేశాడు.

ఇంటికి తెచ్చి ఇచ్చాక మామగారు రింగును కెమెరాకు బిగించి, దానిమీద జర్మనీ లెన్స్ తిప్పారు. మర చక్కగా పట్టింది. ఆయన ముఖం విప్పారింది. కెమెరా వెనక మూత తీసి, ఫిల్ము ఉండే చోట బటర్ పేపరు ముక్క అంటించి దూరంగా ఉన్నదేదైనా చూస్తే లెన్స్ సరిగ్గా కూర్చుందో లేదో తెలిసిపోతుందట. కార్తికేయన్ ఆ మాట గుర్తుచేశాడు.

"ఎందుకురా? కొలిచింది హేమ. ఇంక చూసే పన్లేదు" అన్నారు మామగారు.

 ఆ క్షణంలోనైనా చెప్పేసి ఉండేదాన్నేమో. అంతలో ఆయన కెమెరా ఎత్తి కవిప్రియ చేతికిచ్చారు. నేను నోరు మూసుకున్నాను.

నెల రోజులు ఆ పిల్ల ఖాళీ కెమెరాతో సాధన చేసింది. ఆ కెమెరా కిటికీలోంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. లెన్స్ ఏం చూస్తుందో ఆ కిటికీ చెప్పదు, ఫిల్ము కడిగితేనే బయటపడుతుంది. దూరాన్ని లెన్స్ మీదున్న అంకెలతో పెట్టుకోవాలి. పడుకున్న ఎనిమిదిలాంటి గుర్తు దగ్గర పెడితే ఎంత దూరమున్నదైనా స్పష్టంగా రావాలి. "అక్కా, ఇట్ల పట్టుకుంటే సరేనా? చెయ్యి ఊగతా ఉండాదా?" అని నన్నే అడిగేది. "నాకేం తెలుసమ్మా, నేనెప్పుడైనా పట్టుకుంటినా?" అనేదాన్ని. ఆ పిల్ల ముఖం చిన్నబోయేది. మళ్లీ మర్నాడు అడిగేది.

మాసి మగం నాడు ఇంకా పూర్తిగా తెల్లవారకముందే వైత్తికుప్పం చేరాం. పల్లకీలు, ట్రాక్టర్లమీద దేవుళ్లు, నాదస్వరాలు, పిండం పెట్టేవాళ్లు, బెలూన్లు అమ్మేవాళ్లు. మామగారికి ఎప్పటి చోటే కుర్చీ వేశాం. పక్కన కవిప్రియ ఒక ముక్కాలిపీట ఎక్కి నిలబడింది. మబ్బుగా ఉంది. "వెలుతురు చాలదు, లెన్స్ పూర్తిగా తెరిచెయ్యి" అన్నారు మామగారు. తర్వాత నాతో, "హేమా, ముందర ఎవురూ అడ్డం రాకుండా చూసుకోమ్మా" అన్నారు.

జనంలోకి వెళ్లి ఒక పక్కగా నిలబడి, వచ్చేవాళ్లను అటూ ఇటూ తప్పించాను. సామి గొడుగు అలల వైపు కదిలింది. గోవిందా అని కేకలు లేచాయి. అందరి చేతులూ తలలపైకి పోయాయి. నేను మాత్రం వెనక్కి తిరిగాను. పీటమీద కవిప్రియ ఊపిరి బిగబట్టి, కెమెరా కంటికి ఆనించుకుని నిలబడి ఉంది. మామగారు ముసలి చేత్తో ఆమె మోచేతిని కింద పట్టుకుని ఉన్నారు. పిల్లకు మొదటిసారి అక్షరం దిద్దించేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఆ చెయ్యి నాది కావాలి. నాకు అంతకు మించి ఏ కోరికా లేదు అప్పుడు. దేవుడు వెనక ఉన్నాడన్న సంగతే మరిచిపోయాను.

క్లిక్కుమంది. అంతే, ఏడాది పని అయిపోయింది.

మధ్యాహ్నానికి, మామగారు చెబుతుంటే కవిప్రియే ఫిల్ము కడిగి, ఫొటో వేసి, తడి ఫొటోను ముందుగదిలో కిటికీ పక్కన గాజుపలకమీద పరిచింది. అందరం చుట్టూ చేరాం.

"ఏంది కవీ, అంతా పొగ మాదిరి ఉండాది?" అన్నాడు కార్తికేయన్.

సముద్రం లేదు. గొడుగు లేదు. సామి లేడు. తెల్లటి మసక, నల్లటి మసక. కవిప్రియ గాజుపలకను వెలుతురుకు జరిపింది. "నా చెయ్యి ఊగింది మామా. నలభై రెండేండ్లు వచ్చింది నా చేతిలో చెడింది" అంది. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి నా కాళ్ల ముందర పెట్టింది. "అక్కా, నీ దగ్గరే ఉండనీ. నాకు చేతకాదు. ఇంక నేను దాన్ని ముట్టను."

నాలుగు నెలలుగా కోరుకున్నది నేలమీద నా ముందర ఉంది. వంగి తీసుకోవాలంటే నడుము వంగలేదు.

"భూతద్దం ఇయ్యి ఇట్ల" అన్నారు మామగారు. ముక్కు ఫొటోకు తగిలేంతగా వంగి, ఒక చివరనుంచి మెల్లగా జరుపుకుంటూ వచ్చారు. ఒక చోట ఆగిపోయారు. 

"చెయ్యి ఊగలేదు కవీ. ఊగుంటే అంతా చెదిరుండాల. ఈడ ఒక చోట సూదిమొన మాదిరి ఉండాది."

"ఏంది మామా అది?"

"మన హేమ."

నేనూ వంగి చూశాను. అందరూ వీపులు తిప్పి, చేతులెత్తి మసకలో కలిసిపోయి ఉన్నారు. అంత మందిలో సామిని చూడనిదాన్ని నేనొక్కదాన్నే. ముక్కుపుడక తెలుస్తోంది, పైట పిన్ను తెలుస్తోంది, నుదుటికి అంటుకున్న వెంట్రుకలు ఎన్నో లెక్కపెట్టొచ్చు. కింది పెదవి పంటికింద ఉంది. కళ్లు... రోజూ అద్దంలో చూసుకునే ముఖమే కానీ, ఆ కళ్లను నేను ఎన్నడూ చూడలేదు. వాటిని చూసి నాకే భయమేసింది.

"కెమెరాకి ఎంత దూరంలో ఉంటివమ్మా?"

"ఇరవై అడుగులు ఉంటాది మామా."

ఆయన కళ్లు మూసుకుని వేళ్లమీద ఏదో లెక్క వేసుకున్నారు. కళ్లు తెరవకుండానే అడిగారు.

"రింగు ఎంత ఉండాది?"

"రెండు పాయింట్ తొమ్మిది" అన్నాను.

మైక్రోమీటర్ నా సంచిలోనే ఉంది. తీయలేదు.

పైన ఫ్యాను తిరుగుతోంది. తడి ఫొటో ఒక మూల లేచి మళ్లీ పడింది. మామగారు భూతద్దాన్ని కిటికీ గట్టుమీద పెట్టారు.

"రెండున్నర చెప్తిని."

"చెప్పినారు."

"నువ్వు కొలిచినావనే నేను చూడకపోతిని."

 తిట్టి ఉంటే బాగుండేది. కార్తికేయన్‌కి ఏమీ అర్థం కాక ఏంది ఏంది అంటున్నాడు. కవిప్రియకు అర్థమైంది. వంగి నా కాళ్ల దగ్గరున్న తాళంచెవి తీసుకుంది. కొంగున ముడివేసి, నావైపు చూడకుండా లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు గాజుపలకమీద ఉప్పుకాగితం పరిచి, రింగును నా చేత్తోనే రుద్దాను. మునియన్‌ను అడిగితే అయిదు నిమిషాల్లో చేసిచ్చేవాడు. ఆయన ముఖం చూడలేక అడగలేదు. రుద్దడం, కొలవడం, రుద్దడం. సరిగ్గా రెండున్నర వచ్చిన రోజు మామగారు కెమెరా వెనక బటర్ పేపరు అంటించి, కిటికీలోంచి దూరంగా ఉన్న నీళ్లట్యాంకు వైపు తిప్పి, "చూడు" అని నాకిచ్చారు. ఆ కెమెరాను ముట్టుకోవడం అదే మొదటిసారి. కాగితంమీద నీళ్లట్యాంకు తలకిందులుగా, చిన్నదిగా, దాని నిచ్చెన మెట్లతో సహా నిలబడి ఉంది.

"ఇన్నేండ్లు యెందుకు అడగలేదమ్మా? నీకు దీనిమీద ఇష్టం లేదనుకుంటిని" అన్నారు.

 మీరే ఇస్తారని చూశానని చెప్పడానికి కూడా నా గీర అడ్డొచ్చింది.

ఆ ఫొటోను గోడకు పెట్టొద్దని మాత్రం కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "ఈ యేడు వచ్చింది ఇదే. వరస తప్పకూడదు" అన్నారు ఆయన. నలభై మూడోదిగా తగిలించారు. కవిప్రియ నన్ను అక్కా అనడం మానేసింది. ఉప్పు కావాలంటే ఉప్పు అనేది, తలుపు తీయాలంటే తలుపు అనేది. మళ్లీ ఆ పిలుపు వినడానికి నాకు వానలదాకా పట్టింది. ఆ వానలు మొదలైన రోజు సాయంత్రం బస్సు ఆలస్యమై తడిసి వచ్చేసరికి, బీరువా సందుల్లోంచి పసుపచ్చటి వెలుతురు కనిపించింది. "వేసినానక్కా" అంది వంటింట్లోంచి.

మరుసటి మాసి మగానికి కవిప్రియే తీసింది. మామగారికి కంటి ఆపరేషన్ అయింది కాబట్టి మోచెయ్యి పట్టుకోవాల్సిన పని కూడా లేకపోయింది. నేను వెనక నిలబడి సంచీ పట్టుకున్నాను. ఓర్వలేనితనం పోయిందా అంటే పోలేదు.  ఫొటో అద్భుతంగా వచ్చింది. అలలమీద నురుగు తెలుస్తోంది, గొడుగు కుచ్చులు తెలుస్తున్నాయి, సామి మెడలో దండ పూలు పూలుగా తెలుస్తోంది.

దాన్ని తగిలించిన కొన్ని రోజులకు కవిప్రియ గోడమీది అద్దాలు తుడుస్తోంది. నేను కింద నిలబడి గుడ్డ అందిస్తున్నాను. నలభై మూడోదాని దగ్గర ఆగింది.

"స్టూడియోకి వచ్చినోళ్లందరూ దీని ముందరే నిలబడతారు, చూసినావా అక్కా? ఈమె ఎవురు, ఏం చూస్తా ఉండాది అని అడగతారు. నిన్న వచ్చినాయన కూడా పది నిమిషాలు ఈడే నిలబడె. పక్కనే నా సామి ఫొటో అంత బాగా వచ్చుంటే దాన్ని ఎవురూ తిరిగి చూడరు" అంది. అని, ఆ అద్దాన్ని అవసరమైనదానికంటే గట్టిగా తుడిచింది.

ఆ గొంతు నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్లు అది నా గొంతులోనే ఉంది.

"మామను అడుగు కవీ. తీసి లోపల పెట్టమని అడిగితే పెట్టేస్తారు. నాకూ బాగుంటాది" అన్నాను.

"నేనెందుకు అడగాల? ఆయనకే తెలవాల" అంది.

కవి ఇంతవరకూ అడగలేదు.